చీరెకు అంటిన వాసన

"హెలికాప్టర్‌ల కాలినవా సిస్టరమ్మా?" అని ఇప్పటికీ అడుగుతారు, నా మెడ మీది మచ్చ చూసి. కాదంటాను. హెలికాప్టర్ పడిపోయినప్పుడు నాకు మోచెయ్యి కూడా గీరుకోలేదు. నేను కాలింది మా ఇంటి ముందర, గడప బయట, వాడకట్టు వాళ్లంతా చూస్తుండగా. అంటించింది మా అత్త.

ఇక్కడి వరకే విన్నవాళ్ల ముఖాలు ఎట్లా మారతాయో నాకు బాగా తెలుసు. కొందరు "అయ్యో" అని ఊరుకుంటారు, కొందరు గొంతు తగ్గించి "కేసు పెట్టలేదా?" అంటారు. మిగతాది వినే ఓపిక ఎవరికీ ఉండదు. అందుకే రాస్తున్నాను. కాలిన మనిషిని దవాఖానలో పెట్టుకుని బయట బల్ల మీద కూర్చున్న వాళ్లెవరైనా ఇది చదివితే కాస్త ధైర్యం వస్తుందని ఒక ఆశ. రెండోది, రాస్తే నా కుడిచేతి వేళ్లకు పని దొరుకుతుంది. వ్యాయామం చెప్పే డాక్టరు రబ్బరు బంతి పిసకమన్నాడు. బంతి కంటే పెన్ను నయం.

నేను ఏఎన్ఎంను. ధరూర్ వైపు కృష్ణ ఒడ్డున ఒక ఊళ్లో నా సబ్‌సెంటర్. అప్పటికి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ వేరే జిల్లాలు కాలేదు, అన్నీ పాలమూరే. ఆ ఏడు వానాకాలం చివర్లో కృష్ణకు పెద్ద వరద వచ్చింది. పత్తి చేలు మునిగాయి, వేరుశనగ నేలలోనే మొలకలెత్తింది. నది నడుమ గడ్డ మీద ఉన్న ఊరికి పుట్టి పడవ కూడా పోలేని పరిస్థితి. అన్నం పొట్లాలు వేసి వచ్చే హెలికాప్టర్ వాళ్లు, అక్కడ పిల్లలకు విరేచనాలు పట్టుకున్నాయి, నెలలు నిండిన ఆడమనిషి ఒకామె ఉంది, నర్సును పంపండి అన్నారు. నర్సంటే నేనే.

పొద్దున బయల్దేరుతుంటే మా అత్త జములమ్మ గుమ్మానికి అడ్డం నిలబడింది.

"నేల మీద తిరిగే బండ్లే తిరగబడుతున్నయి. గది గాల్ల దేన్ని పట్టుకొని నిలబడుతదే? పోవద్దు."

"డ్యూటీ అత్తమ్మా."

"డ్యూటీ నిన్ను మల్ల తెచ్చిస్తదా?"

"తెచ్చియ్యకుంటే నీకే సుఖం గద. రోజు నాతోటి కొట్లాడే తిప్పలు తప్పుతది."

నేను ఎగతాళికి అన్నాను. ఆమెకు కోపం వచ్చింది. మా అత్తకు భయం వేసినా కోపంలాగే బయటికి వస్తుంది, ఆ సంగతి నాకు పెళ్లైన కొత్తలోనే అర్థమైంది. "పో, పొయ్యి సావు పో," అని చెంబు నేలకు కొట్టి లోపలికి పోయింది. ఎదురింటి వాళ్లు, పక్కింటి వాళ్లు అందరూ విన్నారు. మా ఇంట్లో మాటలు వినబడకుండా ఉండాలంటే ఊరు దాటి కూర్చోవాలి. వాళ్లు ఆ మాటను జాగ్రత్తగా దాచుకుంటారని అప్పుడు తెలియదు.

గడ్డ మీద పని బాగానే అయింది. పిల్లలకు ఉప్పు చక్కెర నీళ్లు కలపడం చూపించి, మందులిచ్చి, నిండు నెలల ఆమెకు పరీక్ష చేసి, రెండు రోజుల్లో పడవ వస్తుందని ధైర్యం చెప్పాను. తిరుగు ప్రయాణంలో మా ఊరి బయట బీడు భూమిలో దిగుతుండగా గాలి కొట్టింది. నేల దగ్గరికి వచ్చేసింది, ఇక దిగినట్టే అనుకున్నాను. ఒక పక్కకు ఒరిగింది. పైన రెక్క నేలను తాకిన చప్పుడు ఇప్పటికీ నా పళ్లలో ఉంది. లోపల అంతా తలకిందులైంది. నేను బెల్టుకు వేలాడుతున్నాను, నా మీద ఏదో ధారగా కారుతోంది. రక్తమనుకున్నాను. వాసన చూస్తే కిరసనాయిలు.

యంత్రం చూసుకునే సర్దార్జీ ఒకాయన నా బెల్టు కోసి, సంకల కింద చేతులు వేసి బయటికి లాగాడు. నడిపే ఆయనకు చెయ్యి విరిగింది, అంతే. "దూర్, దూర్," అని సర్దార్జీ మమ్మల్ని గాలికి ఎదురుగా చాలా దూరం ఉరికించాడు. అప్పటికే ఊరు ఊరంతా వచ్చేసింది. కొందరి చేతుల్లో డబ్బాలున్నాయి. రేషన్ కిరసనాయిలు కోసం వరుసల్లో నిలబడే వాళ్లకు అది నేల పాలవుతుంటే మనసు ఒప్పదు కదా. సర్దార్జీ వాళ్ల మీదికి పోయాడు. "బీడీ బంద్! మాచిస్ బంద్! పీఛే హటో!" అని అరుస్తుంటే ఆయన గొంతు బొంగురుపోయింది.

అందరూ వెనక్కి జరిగాక వచ్చి నా పక్కన కూలబడ్డాడు. హిందీలో మెల్లగా చెప్పాడు. ట్యాంకు లోపల మందమైన రబ్బరు సంచి ఉంటుందట, కింద పడినా పగలకూడదని. అది నిలబడింది కాబట్టే మేం నిలబడ్డాం. ఊడింది ఒక గొట్టం, అందులోదే నా మీద పడింది. "ఇది మీ పొయ్యి నూనెకు చుట్టమే. గాలికి ఆరినట్టు కనబడుతుంది, ఆరదు. ముందు స్నానం, ఈ బట్టలు దూరంగా పారెయ్యి, ఆ తర్వాతే వంటింటికి పో అమ్మా," అన్నాడు.

మా ఆయన తిరుమలేశు గద్వాల దారిలో షేర్ ఆటో నడుపుతాడు. పరుగున వచ్చి నన్ను ఆటోలో ఎక్కించుకున్నాడు. ఆ ఆటో ఎప్పుడూ కిరసనాయిలు కంపే కొడుతుంది, ఎందుకో అడగకండి. మా ఇంట్లో వత్తుల స్టవ్వుదీ అదే వాసన. ఆ వాసన మాకు భయం కాదు, ఇల్లు చేరినట్టు.

గుమ్మం ముందు దిగి, "అత్తమ్మా, ముందు తానం చేస్త, నీళ్లు పెట్టు," అన్నాను. మా స్నానాల తడిక పెరట్లో ఉంది. అక్కడికి పోవాలంటే ఇంట్లోంచే పోవాలి.

"గడప తొక్కకు," అంది జములమ్మ. పొద్దుటి కోపం లేదు. ముఖం బూడిద రంగులో ఉంది. "సావు దాకా పొయ్యి వచ్చిన మనిషివి. దిష్టి తియ్యంది లోపలికి ఎట్ల వస్తవు? ఊరంత నిన్నే చూసింది గద. ఆడ్నే నిలబడు."

మావైపు అది తప్పనిసరి. బస్సు బోల్తా పడి బతికి వచ్చినా, పాము నుంచి తప్పించుకుని వచ్చినా, గడప బయటే నిలబెట్టి దిష్టి తీస్తారు. చీపురు పుల్లల కట్టకు పాత గుడ్డ చుట్టి, నూనెలో తడిపి, అంటించి, తల నుంచి కాళ్ల దాకా తిప్పుతారు. అది చిటపటమంటే దిష్టి పోయినట్టు. ఆమె లోపలి నుంచి మండుతున్న పుల్లలు తెచ్చింది. నేను నోరు తెరిచాను. సర్దార్జీ మాట అప్పుడే నాలుక చివరికి వచ్చింది. ఆమె "ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి" అంటూ మొదటి చుట్టు నడుము దాకా తెచ్చింది.

ముందు వేడి తెలియలేదు, వెలుగే తెలిసింది. నా కొంగు నా కంటి ముందు నుంచి పైకి లేచి పోయింది. తర్వాతది రాయను. రాసినా, కాలిన వాళ్లకే అర్థమవుతుంది, వాళ్లకు ఎట్లాగూ తెలుసు.

ఒక్క సంగతి మాత్రం రాయాలి. అందరూ వెనక్కి ఉరికితే, మా అత్త ముందుకు ఉరికింది. పుల్లలు పారేసి, నన్ను రెండు చేతులతో కావలించుకుని, మంటను అరచేతులతో కొట్టింది, పిసికింది. మా ఆయన దండెం మీది గొంగడి లాగి మా ఇద్దరి మీదా కప్పి నేల మీద దొర్లించాడు. ఆ గొంగడే నన్ను బతికించింది. ఎవరో సిరా తెచ్చారు, ఎవరో పళ్ల పేస్టు తెచ్చారు. "ఏం పుయ్యొద్దు, నీళ్లు పొయ్యండి, సల్లని నీళ్లే పోస్తనే ఉండండి," అని నేనే అరిచాను. ఇన్నేళ్ల ఉద్యోగం ఆ ఒక్క మాటకు పనికొచ్చింది. మీరు కూడా అది గుర్తు పెట్టుకోండి.

గద్వాల దవాఖానలో కట్లు కట్టి, అక్కడి నుంచి పాలమూరు పెద్ద దవాఖానకు పంపారు. ఆ ప్రయాణం నాకు ముక్కలు ముక్కలుగా గుర్తు. స్పష్టంగా గుర్తున్నది, మంచం మీదికి మార్చాక నా మీదికి వంగిన డాక్టరు ముఖం. ఆయన గట్టిగా గాలి పీల్చాడు. "కిరసనాయిలు వాసన వస్తుంది," అన్నాడు నర్సుతో. తర్వాత తలెత్తి మా ఆయనను చూశాడు.

ఆ చూపు నాకు తెలుసు. సబ్‌సెంటర్‌కు కాలిన ఆడపిల్లను ఎవరైనా తెస్తే నేను కూడా తెచ్చిన వాళ్లను అట్లాగే చూస్తాను. ఆ వార్డులో ఏ మంచం దగ్గర అడిగినా ఒకటే జవాబు, స్టవ్వు పేలింది. ఆ జవాబును నమ్మేవాళ్లు ఎవరూ లేరు. ఇక మా వాళ్లు హెలికాప్టర్ అంటుంటే ఎవరు నమ్ముతారు? హెలికాప్టర్ పడింది నిజమే, అందరికీ తెలుసు. అందులోంచి నేను చక్కగా నడిచి వచ్చానని కూడా అందరికీ తెలుసు.

దానికి తోడు మా అత్త. వరండాలో కూర్చుని, వచ్చిన వాళ్లకూ పోయిన వాళ్లకూ ఒకటే మాట చెబుతోంది. "నేనే అంటించిన. నా చేతులతోటి నేనే కాల్చిన." ఆమెకు దుఃఖం, వినేవాళ్లకు సాక్ష్యం.

నా తమ్ముడు రాఘవేంద్రది అమరచింత, మా పుట్టింటి ఊరు. విత్తనాల దుకాణం నడుపుతాడు. కబురందగానే ఆత్మకూరు మీదుగా బస్సులు మారి వచ్చాడు. వచ్చేసరికే అన్నీ విని వచ్చాడు, పొద్దుటి "పొయ్యి సావు" తో సహా. నా మంచం పక్కన నిలబడి పళ్లు బిగబట్టి మాట్లాడాడు.

"అక్కా, భయపడకు. నేనున్న. రేపు మెజిస్ట్రేట్ సారు వస్తడంట, నిన్ను అడుగుతడు. ఉన్నది ఉన్నట్టు చెప్పు. ఆ ముసల్దాన్ని బయటికి రానియ్యను."

నేను తల అడ్డంగా ఊపాలనుకున్నాను. మెడ కదలలేదు. పెదవులు వాచి ఉన్నాయి, గొంతులోంచి గాలి తప్ప మాట రావడం లేదు. వాడు నా కన్నీళ్లు చూసి అవునన్నాననుకున్నాడు.

మెజిస్ట్రేట్ ఎందుకు వస్తాడో నాకు తెలుసు. బతకరనుకున్న వాళ్ల దగ్గరికే అంత తొందరగా వస్తారు. నేను పోతే నా వెనక మిగిలేది ఆ నాలుగు మాటలే. చావు భయం ఉంది, ఉండదని అబద్ధం చెప్పను. దాని కంటే పెద్ద భయం వేరే పట్టుకుంది. ఆయన అడిగేది "ఎవరు అంటించారు?" అని. నిజం చెప్పాలంటే "మా అత్త" అనాలి. ఆ రెండు మాటలు అన్నాక నా ఊపిరి ఆగితే? దిష్టి సంగతి, నూనె సంగతి లోపలే ఉండిపోతే? నిజమే చెప్పి ఒక మనిషిని జైలుకు పంపినదాన్ని అవుతాను. ఇంజెక్షన్ల మత్తులో మాటలు జారిపోతున్నాయి. ఒకదాన్ని పట్టుకుంటే ఇంకొకటి పోతోంది.

తెల్లవారాక ఆయన వచ్చాడు. పెద్దమనిషి, నెమ్మదిగా మాట్లాడాడు. మా వాళ్లందరినీ తలుపు అవతలికి పంపాడు. నా పేరు అడిగాడు, ఊరు అడిగాడు. నేను చెప్పేది స్పృహలో ఉండే చెబుతున్నానా అని డాక్టరును అడిగాడు. తర్వాత ఆ ప్రశ్న వచ్చింది.

నేను జవాబు చెప్పలేదు. నాకు మిగిలిన గొంతంతా కూడగట్టుకుని, "మా అత్త చేతులు చూడండి సార్," అన్నాను.

ఆయనకు అర్థం కాలేదు. మళ్లీ అడిగాడు. మళ్లీ అదే అన్నాను. ఆయన ఆమెను పిలిపించాడు. జములమ్మ తలుపు దగ్గర నిలబడింది, చేతులు రెండూ కొంగు కింద. "చేతులు తియ్యమ్మా," అన్నాడు. ఆమె తియ్యలేదు. నర్సు పోయి కొంగు తొలగించింది. రెండు అరచేతులూ బొబ్బలు పగిలి, చర్మం ఊడి, పచ్చిగా ఉన్నాయి. నిన్నటి నుంచి ఎవరికీ చూపించలేదు, ఒక్క గుడ్డ కూడా చుట్టుకోలేదు. తలుపు వెనక నుంచి నా తమ్ముడు చూశాడు.

"కాల్చిన మనిషి ఇట్ల ఆర్పదు సార్," అన్నాను. ఆ తర్వాత మిగతాది చెప్పాను, వెనక నుంచి ముందుకు. గొంగడి, కావలించుకోవడం, దిష్టి, గడప, నా మీద కారిన నూనె. మధ్యలో ఎన్నిసార్లు ఆగానో తెలియదు. ఆయన తొందర పెట్టలేదు.

ఆ వారంలోనే సర్దార్జీ వచ్చాడు, బత్తాయిల సంచితో. పోలీసులకు తానే చెప్పి వచ్చాడట, హెలికాప్టర్లో పోసేది కిరసనాయిలు జాతిదే, వాసన అదే అని. నా మంచం కాళ్ల దగ్గర నిలబడి, "ఇంటిదాకా నేనే వచ్చి చెప్పాల్సింది," అని ఏడ్చాడు. అంత పెద్ద మనిషి ఏడుస్తుంటే నాకే ఇబ్బంది అయింది. ట్యాంకు కాపాడిన ఆయన చీరెను కాపాడలేకపోయానని బాధపడుతున్నాడు.

పోలీసుల పీడ వదిలింది. నా పీడ వదలలేదు. గాయాలకు చీము పట్టింది. జ్వరం దిగేది కాదు. కట్లు మార్చే బండి చక్రాల చప్పుడు వరండాలో వినబడితే వార్డు వార్డంతా మౌనమయ్యేది. పక్క మంచం మీద నాగర్‌కర్నూల్ పిల్ల ఉండేది. వాళ్లమ్మ ఖాజాబీ బయట వరండాలో మా అత్త పక్కనే చాప పరుచుకుంది. మా అత్త చేతులకు కట్టు కట్టించింది ఆమే, చెవి పట్టుకుని తీసుకుపోయినట్టు. జొన్న రొట్టె తుంచి నోట్లో పెట్టింది కూడా ఆమే. ఖాజాబీ బిడ్డ మాత్రం స్టవ్వు అని కూడా అనలేదు. ఎవరేం అడిగినా పైకప్పు చూసేది.

దీపావళి వచ్చింది. బయట ప్రతి పటాకుకు మా మంచాలు ఉలిక్కిపడేవి. కొత్తగా కాలిన పిల్లలను తెచ్చి వరుసగా పడుకోబెట్టారు. ఆ పండగ వెళ్లిన మర్నాడు పక్క మంచం ఖాళీ అయింది. ఖాజాబీ పోతూ పోతూ లోపలికి వచ్చి నా తల నిమిరింది. "నువ్వు నోరిప్పి బోల్‌గలిగినవు బిడ్డా. మా పిల్ల బోలలే," అంది. నేను ఆ మాట నుంచి ఇంకా బయటికి రాలేదు.

తర్వాత తొడ మీది చర్మం తీసి మెడకూ చేతికీ వేశారు. ఒకసారి పట్టలేదు, మళ్లీ వేశారు. చలికాలమంతా అట్లా గడిచింది. మా ఆయన ఆటో మానుకుని నా దగ్గరే ఉన్నాడు. ఒకరోజు ఉన్నట్టుండి, "అమ్మను మా అక్క తాన ఉంచుత. నువ్వు ఇంటికొచ్చినంక ఆమెను చూసుకుంట ఎట్ల ఉంటవు?" అన్నాడు.

"నేను ఉంట. ఆమె ఉండగలుగుతదా అని అడుగు," అన్నాను. నాకు ఒళ్లు మండింది, ఈసారి కోపంతో. అందరూ నా తరఫున మా అత్తను క్షమించాలా వద్దా అని చర్చిస్తున్నారు, ఆమె మాత్రం వార్డు తలుపు దాటి ఒక్కసారి కూడా లోపలికి రాలేదు. కిటికీ లోంచి చూసేది. నేను చూస్తే పక్కకు జరిగేది.

ఎండలు ముదురుతుండగా ఇంటికి పంపారు. ఆటో మా గుమ్మం ముందు ఆగింది. వాడకట్టు మళ్లీ వచ్చింది, అదే జనం. దవాఖాన నుంచి వచ్చిన మనిషి గడప బయటే ఆగాలి. ఆగాను. ఎదురింటామె పళ్లెంలో కర్పూరం పెట్టుకుని ముందుకు వచ్చింది. అగ్గిపెట్టె చూడగానే ఒక అడుగు వెనక్కి వేసి, చెయ్యి అడ్డం పెట్టాను.

"మా అత్తనే తియ్యాలె," అన్నాను.

నేను కాలిన రోజు నుంచి జములమ్మ అగ్గిపుల్ల ముట్టలేదని, వంట మా ఆడబిడ్డ వచ్చి చేసి పోతోందని నాకు అప్పటికే తెలుసు. లోపల ఏదో డబ్బా మూత తీసిన చప్పుడైంది. ఆమె బయటికి వచ్చింది. పిడికిట్లో ఉప్పూ ఎండుమిరపకాయలూ, మంట లేదు. అరచేయి చర్మం ముడుచుకుపోయి పిడికిలి సరిగా మూసుకోవడం లేదు, ఉప్పు రాలుతోంది.

నా ముందు నిలబడి వెంటనే తిప్పలేదు. వంగి, ఎడమ చేత్తో నా కొంగు పట్టుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది. పాలు విరిగాయేమో చూసినట్టు చూసింది. కొంగు చివర చూసి, భుజం దగ్గర చూసి, కుచ్చిళ్ల దగ్గర కూర్చుని మళ్లీ చూసింది. అందరూ నిలబడి ఉన్నారు. ఆమెకు ఎవరూ కనబడటం లేదు.

"సబ్బు వాసనే గద?" అంది నాతో. ఇన్ని నెలల్లో అదే మొదటి మాట.

"సబ్బే అత్తమ్మా."

అప్పుడు తిప్పింది. ఉప్పు పొయ్యిలో వెయ్యకుండా నీళ్ల బకెట్లో వేసి, పక్కకు జరిగి నాకు దారి ఇచ్చింది.

ఇప్పుడు మళ్లీ డ్యూటీకి పోతున్నాను. నా తమ్ముడు ఇంకా మా గడప తొక్కడు, ఆత్మకూరు బస్టాండులో కలిసి మాట్లాడి పోతాడు. అడిగితే "ఆమె చేతులు చూడలేను అక్కా" అంటాడు. ఇంట్లో వంట మళ్లీ మా అత్తే చేస్తోంది. సాయంత్రం నేను ఏ ఊరు తిరిగి వచ్చినా, అలిసిపోయి ఎంత చిరాకులో ఉన్నా, గుమ్మంలో ఒక్క నిమిషం ఆగుతాను. ఆమె వచ్చి నా కొంగు వాసన చూస్తుంది. చూసి, సరే అని తల ఊపాకే నేను లోపలికి పోతాను, ఆమె స్టవ్వు వెలిగిస్తుంది.